పది నిమిషాల డెలివరీ యాప్: రాత్రి మేలుకొని చదివే పిల్లలున్న ఇంటి నుంచి ఒక సమీక్ష

బెంగళూరులో మారతహళ్లి, కృష్ణరాజపురం, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల అపార్ట్‌మెంట్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పది నిమిషాల డెలివరీ యాప్‌ను పరిచయం చేయవలసిన అవసరం లేదు. కొత్తిమీర కట్ట మొదలుకొని ఫోన్ ఛార్జర్ దాకా అన్నీ దాని ద్వారానే ఇంటికి చేరుతున్నాయి. దాని కూరగాయల నాణ్యత మీదా ధరల మీదా ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి ఎక్కువగా పోను. పీయూసీ (మన ఇంటర్మీడియట్) రెండో సంవత్సరం చదువుతూ రాత్రి పొద్దుపోయే దాకా మేలుకొని ఉండే పిల్లవాడున్న ఇంట్లో ఆ యాప్‌లోని చిరుతిండి విభాగం ఎలా పనిచేస్తోంది, అది వాడి నిద్రను ఎంతవరకు చెడగొడుతోంది అన్నదే ఈ సమీక్షలో నేను పరిశీలించిన విషయం. మేము వాడుతున్న సేవ పేరు రాయడం లేదు. ఈ రంగంలోని యాప్‌లన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నందువల్ల ఏ యాప్ వాడేవారికైనా ఈ మాటలు పనికివస్తాయి.

పగటిపూట సేవ విషయంలో నాకు పెద్దగా ఫిర్యాదులు లేవు. సాయంత్రం పిల్లవాడు కాలేజీ బస్సు దిగి ఇంటికి వచ్చే సమయానికి ఏలక్కి అరటిపండ్లు, పెరుగు, వేయించిన శనగలు, బొరుగులు, దోసకాయలు సిద్ధంగా ఉంచుకోవాలంటే ఇంతకంటే సులువైన మార్గం లేదు. పండ్లు మెత్తబడి వచ్చినప్పుడు ఫొటో పంపితే డబ్బు వెంటనే తిరిగి ఇచ్చారు. పది నిమిషాలన్నది వర్షం పడుతున్నప్పుడూ, వెలుపలి వలయ రహదారి మీద వాహనాలు నిలిచిపోయినప్పుడూ ఇరవై అవుతుంది, కానీ అరటిపండు కోసం పది నిమిషాలు ఎక్కువ ఆగడం ఎవరికీ కష్టం కాదు. ఆ ఇరవైని పదికి తగ్గించడానికి వర్షంలో బండి నడుపుతున్న కుర్రవాడు నా కొడుకుకంటే రెండు మూడేళ్లు పెద్దవాడై ఉంటాడన్న ఆలోచన మాత్రం ప్రతిసారీ వస్తుంది.

నా అభ్యంతరమంతా రాత్రి సేవ మీదనే. తొమ్మిదిన్నర దాటిన తరువాత యాప్ ముఖపుట మారిపోతుంది. పండ్లు, పాలు, పెరుగు అడుగుకు జరిగిపోయి, పైవరుసలోకి చిప్స్, కప్పు నూడుల్స్, చాక్లెట్లు, ఐస్‌క్రీమ్, సీసాలో వచ్చే కోల్డ్ కాఫీ, ఎనర్జీ డ్రింకులు వస్తాయి. అర్ధరాత్రి ఆకలి వేస్తున్నవారి కోసమంటూ ప్రత్యేకంగా ఒక వరుస కనబడుతుంది. ఆకలి లేని పిల్లవాడికి కూడా అది చూశాక ఆకలి గుర్తుకు వస్తుంది. దుకాణంలో సరుకు ఎక్కడ పెట్టాలన్నది దుకాణదారు ఇష్టమే, కాదనను. అయితే వీధి చివరి కిరాణా కొట్టువాడు రాత్రి పదికి షట్టర్ దించి తానూ నిద్రపోతాడు. ఈ కొట్టుకు షట్టర్ లేదు.

ఇక్కడ ధరల పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దాని ప్రభావం నేరుగా తిండి మోతాదు మీద పడుతోంది. ముప్పై రూపాయల చిప్స్ ప్యాకెట్ ఒక్కటే తెప్పించుకుంటే డెలివరీ రుసుము, నిర్వహణ రుసుము, చిన్న ఆర్డర్ రుసుము అన్నీ కలిసి సరుకు ధరను మించిపోతాయి. ఒక మొత్తం దాటితే డెలివరీ ఉచితమని, ఇంకా ఎన్ని రూపాయల సరుకు వేయాలో లెక్కగట్టి మరీ తెర అడుగున చూపిస్తారు. పదహారేళ్ల పిల్లవాడు ఆ లెక్కను ఎలా పూరిస్తాడో ఊహించడానికి కష్టపడనక్కరలేదు. ఒక ప్యాకెట్ కోసం మొదలైన ఆర్డర్‌లో మూడు ప్యాకెట్లు, ఒక డ్రింకు డబ్బా చేరతాయి. ఉచితంగా వచ్చింది డెలివరీ మాత్రమే, తెరిచిన ప్యాకెట్లన్నీ ఆ రాత్రే ఖాళీ అవుతాయి. పెద్దవాళ్లమైన మనమూ ఈ ఎరకు చిక్కుతూనే ఉంటాం, కానీ మనం ఆ లెక్క పూరించడానికి కందిపప్పు వేస్తాం.

ఆ ఆర్డర్‌లో నిద్రకు అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది చిప్స్ కాదు, డ్రింకు డబ్బా. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నిబంధనల ప్రకారం కెఫీన్ పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండవచ్చు. అంటే గరిష్ఠ పరిమితికి దగ్గరగా ఉన్న 250 మిల్లీలీటర్ల డబ్బాలో సుమారు 75 మిల్లీగ్రాములు ఉంటుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో ఇచ్చిన నివేదికలో, శరీర బరువులో కిలోకు 1.4 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా, ముఖ్యంగా పడుకునే వేళకు దగ్గరగా తీసుకుంటే, కొందరు పిల్లల్లో, కౌమారంలో ఉన్నవారిలో నిద్ర పట్టడం ఆలస్యమై నిద్ర నిడివి తగ్గవచ్చని పేర్కొంది. యాభై కిలోల పిల్లవాడికి ఆ మోతాదు 70 మిల్లీగ్రాములు. అంటే ఒక్క డబ్బాతోనే ఆ గీత దాటినట్టే.

పైగా కెఫీన్ తాగిన వెంటనే పనిచేసి వెళ్లిపోయే పదార్థం కాదు. మెదడులో పగలంతా పోగుపడుతూ నిద్రమత్తు తెచ్చే అడెనోసిన్ పనిని అది అడ్డుకుంటుంది, ఒంట్లోకి చేరిన కెఫీన్‌లో సగం బయటికి పోవడానికే పెద్దవారిలో సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదిన్నరకు తాగిన డబ్బాలోని సగం కెఫీన్ తెల్లవారుజామున మూడున్నరకు కూడా ఒంట్లోనే ఉంటుందన్న మాట. 2013లో అమెరికాలో పెద్దవారి మీద జరిపిన ఒక పరీక్షలో, పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చినా నిద్ర ఒక గంటకు పైగా తగ్గింది. ఆ మోతాదు చాలా పెద్దదే. అయినా సాయంత్రం తాగినది రాత్రికి అరిగిపోతుందిలే అనుకునేవారు దాన్ని గుర్తుంచుకోవాలి. మన ఇళ్లలో ఫిల్టర్ కాఫీని ఎవరూ ఈ డబ్బాలతో జతకట్టరు, చదువుకునే పిల్లవాడికి రాత్రి పదకొండుకు ప్రేమగా గ్లాసులో పోసి ఇచ్చే ఇళ్లు నాకు తెలుసు. కెఫీన్‌కు మాత్రం ఆ ప్రేమ తెలియదు.

ఎనర్జీ డ్రింకు డబ్బాల మీద పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదని, రోజుకు 500 మిల్లీలీటర్లు మించి తాగరాదని ముద్రించాలన్నది మన నిబంధనే. డబ్బా చేతిలో ఉంటే ఆ చిన్న అక్షరాలు కళ్లు చికిలించైనా చదవగలం. యాప్‌లో కనబడేది డబ్బా ముందు భాగం. మేము వాడే యాప్‌లో హెచ్చరిక ఉన్న వైపు చూడాలంటే బొమ్మలను పక్కకు జరుపుతూ చివరిదాకా వెళ్లాలి, అక్కడ దాన్ని పెద్దది చేసి చూడాలి. కొనేవారి వయసు ఎంతో యాప్ ఎక్కడా అడగదు.

చిప్స్, నూడుల్స్ విషయంలో నా తీర్పు కొంత మెత్తగా ఉంటుంది, ఎందుకంటే వాటికి వ్యతిరేకంగా ఉన్న ఆధారాలు కెఫీన్ మీద ఉన్నంత నేరుగా లేవు. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 26 మంది పెద్దవారిని నిద్ర ప్రయోగశాలలో పరిశీలించారు. పరిశోధకులే కొలిచి పెట్టిన భోజనం తిన్న రోజుల్లో సగటున 17 నిమిషాల్లో నిద్ర పట్టినవారికి, తమకు నచ్చింది తిన్న రోజు 29 నిమిషాలు పట్టింది. పీచు ఎక్కువగా తిన్నప్పుడు గాఢనిద్ర ఎక్కువగా, సంతృప్త కొవ్వు ఎక్కువైనప్పుడు గాఢనిద్ర తక్కువగా కనబడింది, చక్కెర ఎక్కువైనప్పుడు నిద్రలో మెలకువలు పెరిగాయి. ఇది చిన్న అధ్యయనం, పైగా పాల్గొన్నవారు పెద్దవారు, కాబట్టి దీన్ని ఉన్నదున్నట్టు పిల్లలకు అంటగట్టకూడదు. కానీ రాత్రి పదిన్నర ఆర్డర్‌ను ఒకసారి దీని పక్కన పెట్టి చూడండి. అందులో పీచు దాదాపు ఉండదు, కొవ్వూ చక్కెరా దండిగా ఉంటాయి. కొవ్వు ఎక్కువగా ఉన్న తిండి కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. తిన్న వెంటనే వాలిపోతే గొంతులోకి పుల్లటి త్రేన్పులు వస్తాయి. ఉప్పుకు దాహం వేస్తుంది, దాహానికి నీళ్లు తాగితే రాత్రి మధ్యలో లేవవలసి వస్తుంది. మదనపల్లె నుంచి వచ్చి కొన్నాళ్లు మా దగ్గర ఉన్న మా అత్తగారు ఈ అధ్యయనాలేవీ చదవకుండానే మనవడితో, "ఏం నాయనా, ఈ ఉప్పు తునకలు తిని బిందెడు నీళ్లు తాగి పడుకుంటే నిద్ర యాడొస్తాది?" అన్నారు. వాడు "అవ్వా, ఒక్క ప్యాకెట్టే" అన్నాడు. మూడింటిలో ఒకటి తెరిచి ఉంది, ఆ మేరకు వాడి మాట నిజమే.

ఉప్పు గురించి ఒక ఉపయోగకరమైన లెక్క చెబుతాను. లేబుల్ మీద సాధారణంగా ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. ఆ అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజంతటికీ సూచించిన పరిమితి 5 గ్రాముల ఉప్పు లోపే. నూడుల్స్ మసాలా పొట్లంతో సహా ఒకసారి గుణించి చూపించిన తరువాత మావాడు సగం పొట్లమే వేసుకోవడం మొదలుపెట్టాడు. చదివేది లెక్కల గ్రూపు కాబట్టి ఉపన్యాసం కంటే గుణకారమే బాగా పనిచేసిందనుకుంటాను.

ఇదంతా చదివి పిల్లలదే తప్పనుకోవడం న్యాయం కాదు. కౌమారంలో శరీరపు గడియారమే వెనక్కి జరుగుతుంది. నిద్రను పిలిచే మెలటోనిన్ చిన్నపిల్లలలో కంటే వీరిలో ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది కాబట్టి, తొమ్మిదిన్నరకు పడుకోమంటే వారికి నిజంగానే నిద్ర రాదు. అమెరికా శిశువైద్యుల సంఘం 2014లో మాధ్యమిక, ఉన్నత పాఠశాలలు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టవద్దని కోరిన కారణం కూడా ఇదే. మన బెంగళూరులో పోటీపరీక్షల శిక్షణ కలిపి నడిపే పీయూ కాలేజీలకు పిల్లలు ఏడున్నరకల్లా బస్సెక్కాలి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లవారికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్య సంస్థ 2016లో చెప్పింది. రాత్రి ఒంటిగంటకు పడుకొని ఆరింటికి లేచే పిల్లవాడికి అందులో సగానికి కొంచెం పైన మాత్రమే దక్కుతోంది.

తక్కువ నిద్రకు మరునాటి తిండితో లంకె ఉంది. చికాగో విశ్వవిద్యాలయంలో పన్నెండు మంది యువకుల మీద జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చినప్పుడు, పదేసి గంటలు పడుకోనిచ్చినప్పటితో పోలిస్తే, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వారు ఎక్కువగా కోరుకున్నవి తీపి, ఉప్పటి చిరుతిళ్లు, పిండిపదార్థాలు. కాబట్టి చిరుతిండి వల్ల నిద్ర చెడుతోందా, నిద్ర చెడినందువల్ల చిరుతిండి మీదికి మనసు పోతోందా అన్న ప్రశ్నకు రెండూ అన్నదే జవాబు. పిల్లలను ప్రశ్నలడిగి చేసిన సర్వేల్లో ఈ రెండూ కలిసి కనబడతాయి గాని, ఏది ముందు మొదలైందో వాటితో తేల్చలేం. రాత్రి ముఖపుటను అలా అలంకరించిన యాప్ మాత్రం ఈ చక్రంలో సరిగ్గా పిల్లవాడు బలహీనంగా ఉండే చోట దుకాణం తెరిచింది. ఫోన్ తెరతో గడిపే సమయం దీనికి అదనం. ఏం కొనాలో వెతుకుతూ, బండి ఎక్కడిదాకా వచ్చిందో పటంలో చూస్తూ గడిపే ఆ కాసేపు కూడా నిద్రలోంచి పోయేదే.

సేవలో నాకు కనబడిన లోపాల్లో ఇంటి పెద్దలకు అన్నిటికంటే అక్కర ఉన్నది ఒకటుంది. ఒకే ఖాతాను ఇంట్లో నలుగురు వాడుకునే వీలు కల్పించారు గాని, ఫలానా గంట తరువాత ఫలానా విభాగం మూసి ఉంచమని చెప్పే వీలు ఎక్కడా లేదు. ఖర్చు పరిమితి పెట్టవచ్చునేమోనని సెట్టింగులన్నీ వెతికాను, కనబడలేదు. సహాయ విభాగానికి రాస్తే అభిప్రాయాన్ని సంబంధిత బృందానికి చేరవేస్తామన్న తయారు జవాబు వచ్చింది. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2020లో తెచ్చిన నిబంధనలు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి గేటుకు 50 మీటర్ల లోపల అమ్మకుండా నిషేధించాయి. బడి బయట అంత జాగ్రత్తగా గీసిన ఆ గీత పడకగది గుమ్మం దగ్గర లేదు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర అనుమతి కోసం రాత్రి పదకొండింటికి మోగే ఫోను వల్ల పిల్లవాడితో పాటు ఇంటిల్లిపాదీ మేలుకోవడం కొసరు.

దీనికి బదులుగా నగరంలో ఏముందని అడిగితే, బెంగళూరుకు కొదవలేదు. ప్రతి పేటలోనూ కాండిమెంట్స్ అని బోర్డు ఉన్న చిన్న కొట్లలో కోడుబళె, నిప్పట్టు, చక్కిలి, మసాలా శనక్కాయలు తూకానికి ఇస్తారు. ఇవీ నూనెలో వేగినవే, వీటిని ఆరోగ్యకరమని చెప్పి ఎవరినీ మోసగించను. అయినా వంద గ్రాములు అడిగితే వంద గ్రాములే ఇస్తారు, ఉచిత డెలివరీ కోసం మరో రెండు వందల గ్రాములు తీసుకోమనరు. వి.వి. పురంలో సజ్జన్‌రావు సర్కిల్ దగ్గర ఉన్న తిండివీధికి సెలవు రోజుల్లో పిల్లలను తీసుకువెళ్లడం నాకిష్టం. సాయంత్రం ఆరింటికి వెళ్లి పడ్డు, అక్కిరొట్టె, హోళిగె తిని, నలుగురితో మాట్లాడుతూ నడిచి, ఎనిమిదికల్లా ఇంటిదారి పట్టవచ్చు. చలికాలంలో అవరెకాయల (అనపకాయల) రోజుల్లో అయితే గింజలతో చేసిన వంటకాలు ఒకదానివెంట ఒకటి వస్తూనే ఉంటాయి. అదే వీధిలో రాత్రి పదికి నిలబడి వెన్న దోసె తింటే నిద్రకు జరిగేది చిప్స్‌తో జరిగేదానికంటే భిన్నంగా ఉండదు. అంటే వీధిని మెచ్చుకుంటున్నాననుకోకండి, వేళను మెచ్చుకుంటున్నాను.

రాత్రి చదువుకునే పిల్లవాడికి ఆకలి వేయడం నిజం. ఏడున్నరకు తిన్న అన్నం పదకొండుదాకా ఆగదు. తాళం వేస్తే ఆకలి తగ్గదు కాబట్టి మేము రాత్రి భోజనాన్ని ఎనిమిదిన్నరకు జరిపి, పదింటికి ఏదో ఒకటి తేలికగా ఇస్తున్నాము: ఉడికించిన శనగల గుగ్గిళ్లు, అరటిపండు, పలుచటి రాగిజావ, కొన్నిసార్లు బొరుగుల్లో ఉల్లిపాయ, శనక్కాయలు కలిపి. పాలు తాగితే నిద్ర వస్తుందన్న నమ్మకాన్ని నేను ఖండించను, దాని మీద ఎక్కువ ఆశలూ పెట్టుకోను. ఈ సరుకంతా పగలే తెప్పించుకునేది అదే యాప్‌లో. కాఫీ, టీ, కోల్డ్ కాఫీ సీసాలు మధ్యాహ్నం మూడు తరువాత ఎవరికీ లేవన్న నియమం మా వారికి కూడా వర్తిస్తుంది, ఆయన దీన్ని పిల్లవాడికంటే ఎక్కువగా ప్రతిఘటించారు.

పగటి సేవకు ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తాను. రాత్రి సేవకు ఒకటి, అదీ జ్వరం మాత్రలు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు రాత్రి వేళ కూడా తెచ్చి ఇస్తున్నందుకు. తొమ్మిది తరువాత కెఫీన్ పానీయాలను ముఖపుట నుంచి తీసివేయడం, డబ్బా వెనుక వైపు బొమ్మను ముందుకు తేవడం, కుటుంబ ఖాతాలో వేళల తాళం ఇవ్వడం అన్న మూడు మార్పులు చేస్తే ఆ ఒకటి మూడు కావచ్చు. పదేళ్లలోపు పిల్లలున్నవారికీ, పిల్లలు హాస్టల్లో ఉన్నవారికీ ఈ సేవను నిస్సంకోచంగా సూచిస్తాను. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలున్నవారు మాత్రం చెల్లింపు వివరాలను వారి ఫోన్‌లో భద్రపరచకుండా పెట్టుకోవడం మంచిది. డబ్బు చెల్లించడానికి ప్రతిసారీ ఎవరినైనా నిద్రలేపాల్సి వస్తే, చాలా ఆర్డర్లు బుట్టలోనే ఆగిపోతాయి. మా నెలవారీ సభ్యత్వాన్ని ఈ ఏర్పాటుతోనే పొడిగించాను.